నిలువున నడచిన గాజు

నేడు 65 అంగుళముల టెలివిజన్‌ను అద్దెయింటినుండి స్వగృహమునకు మార్చుకొనదలచిన గృహస్థునకు ఎదురగు చిక్కు క్రొత్తది కాదు. వెడల్పు మిక్కిలిగాను మందము అత్యల్పముగాను గల గాజుపలకను పగులనీయక ఒక చోటినుండి మఱియొక చోటికి చేర్చుట ఎట్లను ప్రశ్న, మూడు శతాబ్దములకు పూర్వమే ఫ్రాన్సుదేశపు దర్పణకారులను, పిదప ఇంగ్లండులోని గాజుకొలిమి యజమానులను, అటుతరువాత అమెరికాలోని ఖగోళశాస్త్రజ్ఞులను వరుసగా వేధించినది. వారందఱును వేర్వేరు కాలములందు, వేర్వేరు సాధనములతో యత్నించి, తుదకు చేరుకొన్న సమాధానము మాత్రము ఒక్కటియే: పలకను పరుండబెట్టరాదు, అంచుమీద నిలువబెట్టి నడిపింపవలయును. చూపులకు అల్పముగా దోచు ఈ సూత్రము రాజప్రాసాదములను, నదీమార్గములను, రైలుబండ్లను దాటి మన వీథులలోని ట్రాలీ ఆటో వఱకు వచ్చిన వృత్తాంతము తెలిసికొనదగినది.

సూత్రమునకు కారణము దుర్బోధము కాదు. ఎండిన తాటాకును రెండు చివరలు మాత్రమే ఆనునట్లు పరుండబెట్టినచో నడుము క్రుంగును. అదే ఆకును అంచుమీద నిలిపినచో తన బరువును తానే మోసికొనును. గాజుపలక పరుండియున్నప్పుడు దాని బరువంతయు మందమునకు అడ్డముగా పనిచేసి దానిని వంచజూచును. ఆ వంపును ఎదిరించు శక్తియో మందముయొక్క ఘనమును బట్టి యుండును గావున, మందము సగమైనచో శక్తి ఎనిమిదవవంతునకు దిగజాఱును. బండి గతుకులో పడినప్పుడెల్ల ఈ వంపు పెచ్చుపెరుగును. పైగా గాజు లోహమువలె సాగి సర్దుకొనునది కాదు. కంటికి కానరాని సూక్ష్మరేఖలనుండియే దాని పగులు బయలుదేరునని 1921లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఏ. ఏ. గ్రిఫిత్ ప్రకటించిన పరిశోధన నిరూపించినది. వంపువలన ఒక ముఖము సాగినంతనే ఆ రేఖ నోరు విప్పుకొని క్షణములో పలకనంతటిని చీల్చివేయును. అంచున చిన్న పెచ్చు లేచిన అద్దమును పాతపనివారు నమ్మకపోవుటకు కారణ మిదియే. గ్రిఫిత్ లెక్కగట్టి చెప్పినదానిని వారి చేతులు అనుభవమున ఎఱిగియుండెను.

వర్సేల్సు రాజప్రాసాదమున 1678 మొదలు 1684 వఱకు నిర్మింపబడిన అద్దముల మందిరమును చూచువారు, అందలి 17 తోరణములలోను కలిపి 357 అద్దములున్నవని విని అబ్బురపడుదురు. ఆ సంఖ్య వైభవమునకు ఎంత గుర్తో, నాటి విద్యయొక్క అశక్తతకును అంత గుర్తు. ఒక్కొక్క తోరణమును ఒక్క అద్దముతో నింపగల నేర్పు అప్పటికి లేదు గావుననే, తోరణమునకు 21 ముక్కలు చొప్పున కూర్చవలసివచ్చెను. గాజును ఊది, గొట్టముగా సాగదీసి, నిలువున కోసి, వేడిలో పఱచి పలక చేయు పద్ధతిలో, ఊదువాని ఊపిరికిని భుజబలమునకును మించిన వెడల్పు లభింపదు. కోల్బేరు మంత్రి 1665లో నెలకొల్పిన రాజదర్పణశాలకు వెనిసునుండి పనివారిని రహస్యముగా రప్పించినది ఈ విద్యకొఱకే. చిన్న అద్దములకు ప్రయాణము గొప్ప సమస్య కాదు; గడ్డినడుమ పేర్చి బండి కెక్కించిన చాలును.

శతాబ్దాంతమున పరిస్థితి మాఱినది. కరగిన గాజును లోహపుబల్లమీద పోసి రోలరుతో చదునుచేయు పోతపద్ధతి వెలసినంతనే మనిషెత్తు పలకలు సాధ్యమయ్యెను. 1690 ప్రాంతపు సంవత్సరములలో ఈ పని పికార్డీసీమలోని సాన్‌గోబేన్ గ్రామమున, కొలిమికి కట్టెలనొసగు అడవినడుమ, ఒక పాతకోట శిథిలములలో స్థిరపడెను. అయితే పోతపలక గరుకుగా నుండును. దానిని అరగదీసి మెఱుగుపెట్టుపని పారిసులో జరుగుచుండెను. కావున కొలిమినుండి వెడలిన పలక షోనీ రేవువఱకు బండిమీదను, అచ్చటనుండి వాజ్ నదిమీదను, పిదప సేన్ నదిమీదను పడవలో పయనించి రాజధానికి చేరుచుండెను. రాళ్ళబాటమీద చక్రము తిన్న ప్రతిదెబ్బయు పలకకు తగులును. నీటిమీద పడవకు ఊపు కలదుగాని దెబ్బ లేదు. గరుకుపలకను పంపుటలో ఇంకొక సౌలభ్యమును కలదు: దారిలో పడిన పైపై గీత అరగదీతలో మాసిపోవును. 19వ శతాబ్దపు తొలిభాగమున మెఱుగుపనియు షోనీకే తరలినపిమ్మట ఆ సౌలభ్యము పోయి, ఒక్కగీతకైనను విలువ కోల్పోవు సిద్ధదర్పణమే దూరప్రయాణము చేయవలసినదయ్యెను. నిలువుపెట్టె, గడ్డిమెత్త, అంచుకు తొడుగు అను మూడును లేనిదే వ్యాపారము సాగదను స్థితి అప్పుడు వచ్చినది.

ఇంగ్లండులో గాజుమీది పన్ను 1845లో రద్దగుటతో ఆ వస్తువు ధనికుల సొత్తుగా నుండుట మాని భవననిర్మాణమున ప్రవేశించెను. ఆఱేండ్ల కెల్ల లండను హైడ్‌పార్కులో జోసెఫ్ పాక్స్‌టన్ కల్పనచేసిన స్ఫటికసౌధము వెలసినది. దాని కప్పున కమర్చిన సుమారు 3 లక్షల పలకలను బర్మింగుహామునకు చెంతనున్న స్మెథిక్‌లోని చాన్స్ సోదరుల కర్మాగారము సమకూర్చెను. పలక 49 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు. కొలిమి సులభముగా ఇయ్యగలిగినదియు, పెట్టెలో ఇమిడి పగులక రాగలదియు, ఒక్క మనిషి చేతబట్టి అమర్పగలదియు నగు కొలతను ముందు నిర్ణయించుకొని, సౌధమునంతటిని దానికి గుణించి కట్టిరన్నమాట. కప్పుమీద నీరుపాఱు తూములనే పట్టాలుగా గ్రహించి, వానిమీద నడచు కప్పుబండ్లలో కూర్చుండి పనివారు పలకల నమర్చిరి. 80 మంది ఒక్క వారములో 18,000 పలకలను బిగించిన సందర్భమును కలదు. పలకను దృష్టిలో నుంచుకొని భవనమును కల్పించిన ఆ తెలివి తరువాతి చరిత్రకు దారిచూపినది.

మన హైదరాబాదు ప్రభువులకును ఐరోపాగాజుమీద మక్కువ మెండు. మూడవ సాలార్‌జంగు సేకరణములో చేరిన పాశ్చాత్య దర్పణములు, దీపగుచ్ఛములు, గాజుపాత్రలు సముద్రము దాటి వచ్చినవే. 1951లో దివాన్‌దేవిడిలో వెలసిన ఆ మ్యూజియము 1968లో మూసీయొడ్డున నున్న నేటి భవనమునకు మాఱినప్పుడు, ఈ సుకుమారవస్తువులు నగరములోపలనే మరల ప్రయాణము చేయవలసివచ్చెను. ఊరు దాటినను వీథి దాటినను గాజునకు భేదము లేదు. ఎత్తుటయు దింపుటయు రెండింటను ఒక్కటే గదా!

గాజు ప్రయాణములన్నింటిలోను మకుటాయమానమైనది 1936లో జరిగినది. కాలిఫోర్నియాలోని పాలోమార్ పర్వతముమీద స్థాపింపదలచిన దూరదర్శినికై 200 అంగుళముల వ్యాసముగల పైరెక్స్ గాజుబిళ్ళను న్యూయార్కు రాష్ట్రములోని కార్నింగ్ కర్మాగారము 1934 డిసెంబరులో పోతపోసి, నెలలతరబడి మెల్లమెల్లగా చల్లార్చినది. బరువు ఇంచుమించు 20 టన్నులు. పరుండబెట్టినచో 17 అడుగుల వెడల్పు రైలుమార్గమున పట్టదు. మామూలు బండిమీద నిలువబెట్టినచో వంతెనలక్రింద దూఱదు. ఇంజనీర్లు నడుమ పల్లముగానుండు ప్రత్యేకమైన బండిని తయారుచేయించి, బిళ్ళను ఉక్కుచట్రములో నిలువునబిగించి, దాని క్రిందియంచు పట్టాలకు కొద్ది అంగుళముల యెత్తున మాత్రమే యుండునట్లు దింపిరి. మార్చి 26న బయలుదేరిన ఆ బండి పగటివేళ మాత్రమే, గంటకు 25 మైళ్ళకు మించని వేగముతో, కావలివారి రక్షణలో సాగి ఏప్రిల్ 10న పసడీనా చేరుకొనెను. అచ్చట ఏండ్లతరబడి అరగదీతయు, నడుమ యుద్ధమువలని విరామమును గడచినపిదప, 1947 నవంబరులో దర్పణము లారీమీద కొండ నెక్కినది. ఎంతటి బృహత్కార్యమైనను సూత్రము మాఱలేదు: నిలువుగా నుంచుట, చట్రముతో బిగించుట, మెల్లగా నడచుట.

ఇక మెత్తల కథ. గడ్డి, ఊక, రంపపుపొట్టు, గోనె అను వానితోనే శతాబ్దములు గడచినవి. గడ్డి తడిసినచో అణగిపోవును. పొట్టు కుదుపులకు క్రిందికి జాఱి పైభాగమును బోసిచేయును. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ అనునాతడు సీసాలను, దీపపుచిమ్నీలను చుట్టుటకై ముడుతల అట్టకు హక్కుపత్రము పొందెను. మూడేండ్లకు ఆ ముడుతలకు రెండువైపులను కాగితమంటించుటతో నేటి పెట్టెల అట్ట రూపుదిద్దుకొన్నది. మన బజారులో థర్మోకోల్ అను తెల్లని తేలికదిమ్మెను జర్మనీలో బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థలోని ఫ్రిట్జ్ స్టాస్ట్నీ 1949లో సాధించెను. గాలిబుడగల ప్లాస్టిక్ పొర 1957లో అమెరికాలో గోడకాగితము చేయబోయిన ఇరువురి విఫలయత్నమునుండి పుట్టి, పిదప కంప్యూటరుయంత్రములను చుట్టుటకు పనికివచ్చెను. నేటి టెలివిజన్ పెట్టెలోని మెత్తలన్నియు ఈ విధముగా ఇతరవస్తువులకై పుట్టి వచ్చి చేరినవే.

టెలివిజన్ పుట్టినప్పుడు మాత్రము పలకసూత్రము కొంతకాలము మఱపున పడినది. మనదేశమున 1959లో ఢిల్లీలో ప్రారంభమైన ప్రసారములనాటి పెట్టెలో నుండినది పలక కాదు, గాలి తీసివేసిన దళసరిగాజుబుడ్డి. బయటి వాయుభారము తెఱముఖముమీద టన్నుకు మించి ఒత్తుచుండును గావున ఆ ముఖమును మిక్కిలి మందముగా పోతపోయుచుండిరి. బరువంతయు ముందుకే తూగుచుండెను. మోయువాడు తెఱను తన రొమ్మునకు ఆన్చుకొని యెత్తవలయును. 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరము సాగిన ఉపగ్రహ బోధనప్రయోగమున ఆంధ్రప్రదేశముతోగూడ ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు సెట్లు చేరినవి. వానిని తయారుచేసినది మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థయే. మట్టిబాటల గతుకుల నోర్చి పల్లెబడుల చేరగలిగిన ఆ సెట్ల దార్ఢ్యము దళసరిగాజువలన కలిగినది. బరువే రక్షణయైన కాలమది.

పలచనితెఱ రాకతో ఆ రక్షణ తొలగిపోయినది. 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున పుట్టిన ప్లాస్మాఫలకము 1997 నాటికి 42 అంగుళముల టెలివిజన్‌గా అంగడికెక్కినది. దాని వెనువెంట ద్రవస్ఫటికపు తెఱ వచ్చి రాజ్యమేలినది. ఈ రెండవదానిలోని రెండు గాజుపొరలును ఒక్కొక్కటి మిల్లీమీటరుకన్న పలచన. పలక పెద్దదగుచు, మందము తఱుగుచు వచ్చినకొలది, కర్మాగారమునుండి కర్మాగారమునకు గాజును మోసికొనిపోవుటయే దుస్సాధ్యమైనది. 2009లో జపానులోని సకాయిలో షార్ప్ సంస్థ 2.88 మీటర్ల వెడల్పు, 3.13 మీటర్ల పొడవుగల గాజుతో తెఱలు చేయ నారంభించినప్పుడు, ఆ గాజును సమకూర్చు కార్నింగ్ సంస్థ అదే ప్రాంగణమున కొలిమి కట్టినది; చైనాలోని హెఫేలో ఇంకను పెద్దపలకలు వచ్చినప్పుడును ఇట్లే జరిగినది. పాలోమార్ బిళ్ళను ఖండము దాటించిన సంస్థయే, అరమిల్లీమీటరు పలకను ఊరు దాటించుటకన్న కొలిమినే తరలించుట మేలని తలచుట ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు.

కర్మాగారము తరలగలదుగాని మన యిల్లు తరలదు. కావున తయారుచేయువారు తమ జాగ్రత్తనంతటిని పెట్టెలో ఇమిడ్చిపంపుదురు. పెద్దటెలివిజన్ పెట్టెను పరిశీలించినచో, అడుగున రెండు థర్మోకోల్ దిమ్మెలలో తెఱ క్రిందియంచు దిగియుండును. పైదిమ్మెలు పైయంచును పట్టియుండును. గాజుముఖమును అట్టకు తగులనీయక నడుమ ఖాళీ విడువబడియుండును. పెక్కుపెట్టెలకు అడుగుభాగమున నాలుగు ప్లాస్టిక్ బిళ్ళలుండును; వానిని పీకినచో పైతొడుగంతయు పైకి లేచివచ్చి, తెఱ నిలిచినచోటనే నిలిచి బయటపడును. పెట్టెను పరుండబెట్టి తెఱను ప్రక్కనుండి లాగుట ఈ ఏర్పాటునంతటిని వ్యర్థము చేయుటయే. మీదికి చూపు బాణములును, మద్యపాత్ర బొమ్మయు అలంకారములు కావు. భాష తెలియని హమాలీకి సైతము అర్థమగునట్లు అంతర్జాతీయప్రమాణము ననుసరించి ముద్రించిన ఆజ్ఞలవి.

ఇల్లు మారు వేళ మన ఊళ్ళలో తఱచుగా కనబడు పొరపాటు, పెట్టె పారవేసిన టెలివిజన్‌ను పరుపుమీద వెల్లకిల పరుండబెట్టి, దానిపై దిండ్లును గిన్నెలమూటలును వేయుట. పరుపు మెత్తనైనంతమాత్రమున వంపు తప్పదు. మెత్తదనమే వంపునకు చోటిచ్చును. పాతపెట్టె లేనిచో, ఇరువురు చెఱియొక ప్రక్క అడుగుచట్రమును పట్టి, తెఱమీద వ్రేళ్ళు మోపక ఎత్తి, కంబళి చుట్టి, అట్టపలక నొకటి ముందు నిలిపి, రెండు పరుపుల నడుమ నిలువుగా నిలిపి త్రాటితో కదలకుండ కట్టవలయును; త్రాడు తెఱను ఒత్తరాదు, చట్రమును మాత్రమే పట్టవలయును. ఆలోచించినచో ఇవి సాన్‌గోబేన్ బండివాడు పాటించిన నియమములే. కావున పాఠకులకు చేయు మనవి యొక్కటే: క్రొత్త టెలివిజన్ వచ్చినదినమున పెట్టెను, అందలి దిమ్మెలను అటకమీద భద్రపఱచుకొనుడు, ఇల్లు మారు దినమున బండివానికి ఆ పెట్టెను నిలువుగా నుంచుమని చెప్పి, అది నిలిచినదో లేదో కన్నులార చూచి మఱీ బండి సాగనిండు.