కంచెయే చేను మేసిన కథ



గ్రామములలో పెద్దల యెదుటికి వచ్చు తగవులలో కంచె తగవు మిక్కిలి పాతది. ఒకరి తోటకంచె కొట్టక విడిచినచో నది పెరిగి పెరిగి పక్కవాని చేనిమీదికి వాలును. బండి పోవు దారి కాలిబాట యగును. కాలిబాట కొంతకాలమునకు మేకలు దూరు సందగును. నీవు నరికింపుమని యొకరందురు. గట్టు నీదే గనుక నీవే నరికింపుమని మరియొకరందురు. మన భాషలో డొంక యను మాటకు ముండ్లపొద యనియు నర్థము కలదు, రెండు కంచెల నడుమ బండిబాట యనియు నర్థము కలదు. ఈ రెండర్థములును ఒక్క మాటలో నొదిగియుండుట చూచినపుడెల్ల, మన పూర్వులును ఎన్ని వానకాలములు కంచె కొట్టక యూరకుండిరో గదా యని నాకు నవ్వు వచ్చుచుండును.

నేడు నేను చెప్పదలచినది యట్టి యొక కంచె చరిత్రము. అది ఒక తోట కంచె కాదు. దక్షిణదేశపు మెట్టనేలల కంచె. దానిని నరకుటకు తరతరముల జనులు పాటుపడిరి. నరకినకొలది నది హెచ్చెను. తుదకు దానిని కొట్టినది కత్తియు కాదు, గొడ్డలియు కాదు.

ఆ కంచె నాగజెముడు. దాని దళములు పాముపడగలవలె నుండును గనుక మనవారు దానికాపేరు పెట్టిరి. పలువురు నాగజెముడును, బొమ్మజెముడును అన్నదమ్ములని తలతురు. అది పొరపాటు. బొమ్మజెముడునకు గాటు పెట్టినచో పాలు కారును. అది మన నేలలో పుట్టినది. నాగజెముడును కోసినచో పాలు రావు, జిగురునీరు మాత్రము వచ్చును. దాని పుట్టినిల్లు అమెరికాఖండము. 1492లో కొలంబసు సముద్రము దాటిపోవుటకు పూర్వము మన తాతముత్తాతలలో నొక్కరైనను నాగజెముడు ముల్లు గ్రుచ్చుకొని యెరుగరు. మిరపకాయ వచ్చిన త్రోవనే యిదియు యూరోపియనుల యోడలమీద వచ్చినది. మిరపకాయ మన వంటయింటిలో ప్రవేశించినది; ఇది మన పొలముగట్టు మీద నిలిచినది.

పూర్వకాలమున కంచె తోటలకే కాక కోటలకును రక్షగా నుండెను. పుదుచ్చేరి చుట్టును ఫ్రెంచివారు గొప్ప ముండ్లకంచె పెంచి, నడుమ నడుమ బురుజులు కట్టించిరి. 1760లో ఇంగ్లీషు సేనాని ఐర్ కూట్ ఆ పట్టణమును ముట్టడించినపుడు ఈ కంచెను చేజిక్కించుకొనుటయే యొక ఘట్టమయ్యెను. 1761 జనవరిలో పట్టణము లొంగెను. ఉత్తరహిందూస్థానమున నింతకంటె విడ్డూరమైన కంచె యుండెను. సుంకము చెల్లని యుప్పు లోనికి రాకుండుటకై సింధునది మొదలు ఒరిస్సాదేశపు దిక్కువరకు ఇంగ్లీషు ప్రభుత్వము సుంకపు సరిహద్దు నేర్పరచి, అందు చాలభాగమున తుమ్మ, రేగు, వాక, జెముడు నాటి కంచె పెంచెను. ఆ సరిహద్దు రెండువేల మైళ్లకు పైబడినది. కావలివారు పండ్రెండువేలకు తక్కువ కాదు. 1867 మొదలు 1870 వరకు దానిపై యధికారి హ్యూమ్ దొర. 1885లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు పాటుపడిన హ్యూమ్ దొర యాయనయే. చెదలు తినుటచేతను, కార్చిచ్చు అంటుటచేతను, వానలు లేకపోవుటచేతను ఆ కంచెను బ్రదికించుటయే వారికి గగనమయ్యెను. 1879లో ఆ సరిహద్దును ఎత్తివేసిరి. కావలి పోగానే కంచెయు పోయెను. నేడు దాని యానవాలు వెదకి చూపవలసినదే.

నాగజెముడు స్వభావము దీనికి పూర్తిగ విరుద్ధము. దానికి కావలి యక్కరలేదు, నీరక్కరలేదు. ఒక దళమును విరిచి గట్టుమీద పడవేసిన చాలును. అది యే ప్రక్కన పడినను ఆ ప్రక్కనే వేరు తన్నును. దడి కట్టుటకు కఱ్ఱలు కొనలేని పేదరైతునకు ఇంతకంటె చౌక కంచె యేది? పశువు దూరదు, దొంగ దూరడు, కరవు వచ్చినపుడు ముండ్లు కాల్చి దళములను పశువులకు వేసికొనవచ్చును. పండ్లు తిన్న పిల్లల నోళ్లు ఎఱ్ఱబడును. ఇన్ని సుగుణములు గల మొక్కను నాటినవారిని మనము నిందింపరాదు.

ఈ ఎఱ్ఱదనమే కంపెనీవారిని కూడ ఆకర్షించినది. అయితే వారికి కావలసినది పండు కాదు. ఆ జాతి మొక్కలమీద బ్రతుకు నొక చిన్న పురుగు. దానిని ఎండబెట్టి నూరినచో చక్కని యెఱ్ఱరంగు దిగును. ఆరుద్రపురుగు వేరు, ఇది వేరు. ఇది మన లక్కపురుగునకు జ్ఞాతి. మెక్సికోదేశమున దీనిని పెంచి యమ్ముచు స్పెయినువారు అపారధనము గడించుచుండిరి. ఆ ధనముపై కన్నువేసి, చెన్నపట్టణమున కంపెనీవారి ప్రధానవైద్యుడైన జేమ్స్ ఆండర్సన్ 1786 మొదలు ఈ ప్రయత్నమున మునిగి, సైదాపేటలో కంపెనీవారి ఖర్చుతో నాగజెముడు తోటయే వేయించెను. మనవారు గట్టుమీద పడవేసిన మొక్కకు దొరలు తోట వేసిరన్నమాట! 1795లో నీల్సన్ అను కెప్టెను బ్రెజిలుదేశమునుండి పురుగులను కలకత్తాకు చేర్చెను. కాని యవి అసలు జాతి కావు. రంగు తక్కువ గల యడవిజాతి. వ్యాపారము సాగలేదు.

వ్యాపారము చెడినను పురుగు చావలేదు. అది ఒక విధమగు జెముడును మాత్రమే తినెడిది. 1836-38 ప్రాంతమున దక్షిణదేశమున వదలినపుడు ఆ జాతి జెముడును నేలమట్టము చేసెను. 1863 ప్రాంతమున దీనిని సింహళమునకును కొనిపోయిరి. కలుపును చంపుటకై బుద్ధిపూర్వకముగా నొక దేశపు పురుగును మరియొక దేశమునకు కొనిపోవుట లోకమున నిదియే మొదలని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇంతటితో కథ ముగిసియుండవలసినదే. కాని జెముడులో మరియొక జాతియు మన దేశమున నుండెను; నేడు మనము నాగజెముడనునది యదియే. జనులు రెండును ఒకటే యనుకొనిరి. పురుగు అట్లనుకొనలేదు. మొదటిజాతి చచ్చిన చోటులను గూడ రెండవజాతి యాక్రమించెను.

ఇక పందొమ్మిదవ శతాబ్దపు తుదికి మెట్టతాలూకాల స్థితి యెట్లుండెనో మీలో కొందరు తాతలవలన వినియుందురు. కంచె గట్టు దాటి చేనిలోనికి, చేను దాటి బీటిలోనికి, బీడు దాటి చెరువుకట్ట మీదికి ప్రాకెను. ఊరి చుట్టును జెముడు కోటగోడవలె నిలిచెను. అందు పాములు, తేళ్లు, పందులు కాపురముండెను. దిగుడుబావులకు దారి మూసికొనిపోయెను. రైతు ఏటేట నాలుగు చాళ్ల నేలను కంచెకు కప్పము కట్టుచుండెను.

నరకలేదా యందురేమో. నరికిరి. కొడవలితోను, గొడ్డలితోను నరికి, పంగలకఱ్ఱలతో త్రోసి కుప్పలు వేసిరి. అక్కడనే చిక్కు వచ్చినది. దెబ్బ తగిలి యెగిరిపడిన ప్రతి ముక్కయు నొక క్రొత్త మొక్క యయ్యెను. కుప్పలోని దళములు నెలలకొలది యెండక, తొలకరికి పైపొర చిగిర్చెను. పచ్చిది మండదు గనుక కాల్చుటకు ఎండుకంప వేయవలెను. దాని కూలి నేల వెలకు మించుచుండెను. లోతుగ గోతులు త్రవ్వి పాతిపెట్టుట యొక్కటే నమ్మదగిన యుపాయము. ఒక రైతు ఇంత చేసి తన గట్టు శుభ్రపరచుకొన్నను, పక్కవాని గట్టుమీది పండ్లు తిన్న పక్షులు మరల నీతని చేనిలో విత్తనములు రాల్చెడివి. కాబట్టి యూరంతయు ఒకేసారి పూనుకొననిదే ఒక్కని కష్టము వ్యర్థము. ఊరంతయు ఒకేసారి పూనుకొనుట ఎంత సులభమో పెద్దలగు మీకు నేను చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియాలో నిట్టి జెముడే ఆరుకోట్ల యకరముల నాక్రమింపగా, వారు శంఖపాషాణము చల్లియు గెలువలేకపోయిరి.

రెండవజాతికి తగిన పురుగు 1926లో వచ్చినది. ఉత్తర అమెరికాలో పుట్టి, ఆస్ట్రేలియాకును, అచ్చటినుండి సింహళమునకును పోయి, సింహళమునుండి చెన్నరాజధానికి చేరినది. ఇది రంగుపురుగు జాతియే. కాని మన నాగజెముడును తినునది. ఆడుపురుగునకు రెక్కలు లేవు. దళమునకు నోరు గ్రుచ్చి, పైన తెల్లని దూదివంటి మైనము కప్పుకొని, రసము పీల్చుచు కదలక జీవితమంతయు గడపును. దాని పిల్లలు గాలికి ఎగిరి పక్కపొదపై పడును. పురుగుపట్టిన దళము నొకదానిని తెచ్చి, పచ్చని పొద నడుమ గ్రుచ్చుట తప్ప మనుష్యుడు చేయవలసిన పని లేదు. నరకినపుడు బ్రతికిన మొక్క, పీల్చినపుడు బ్రతుకలేకపోయినది. దళములు పండుబారి, క్రుళ్లి, ఒకదానిపై నొకటి కూలినవి. అయిదారేండ్లలో దక్షిణదేశమున సుమారు లక్ష యకరములు బయలుపడెనని లెక్క. కోయంబత్తూరులో కీటకశాస్త్రజ్ఞులుగా నుండిన రామకృష్ణయ్యరుగారు ఈ పురుగులను గూర్చి 1931లో వ్రాసి ప్రకటించిరి. ఆస్ట్రేలియావారికి ఆర్జెంటీనానుండి వచ్చిన వేరొక రెక్కపురుగు ఇట్టి మేలే చేసినది. క్వీన్సులాండులో 1936లో ఒక సభాభవనము కట్టి దానికి ఆ పురుగు పేరే పెట్టిరి. మనము మన పురుగునకు పేరైనను పెట్టలేదు.

అయితే పురుగునకు బీటిలోని జెముడనియు, కంచెలోని జెముడనియు భేదము లేదు. మితముగ నరకి చక్కగ నిలుపుకొన్నవాని కంచెయు నిర్లక్ష్యముచేసినవాని కంచెయు నొక్కటిగనే కూలెను. మంచి రైతు మరల దడి కట్టుకొనవలసి వచ్చినది.

ఖాళీపడిన గట్టు ఖాళీగ నుండలేదు. 1876లో చెన్నరాజధాని యటవీశాఖలోని బెడ్డోం దొర యొక విదేశపు తుమ్మ విత్తనములను తెప్పింపుమని ప్రభుత్వమునకు వ్రాసెను. 1877లో వానిని కడపజిల్లా కమలాపురమున నాటిరి. వంటచెఱకు కొఱత తీర్చవలెనని వారి యుద్దేశము. అది తీరినది కూడ. దానినే మనము సర్కారు తుమ్మ యనుచున్నాము. నేటికిని దాని బొగ్గుమీద బ్రతుకు పేదకుటుంబములు కలవు. ఆకును మేక ముట్టదు; కాయను మాత్రము తిని, పోయిన చోటనెల్ల పెంటికలతో విత్తును. దీనిని నేలమట్టముగ నరకినచో నొక మానునకు బదులు పది కొమ్మలు లేచును. చిగురు పుట్టు చోటు నేలలోపలి వేరుమొదలిలో నుండును గనుక జానెడు మొదలు మూరెడు లోతు త్రవ్వి ఆ మొదలిని పెకలింపవలెను. అటుపైన ప్రతి తొలకరికిని మొలచు పిల్లమొక్కలను, వేరు దిగకమునుపే చేతితో పెరుకుచుండవలెను. నాగజెముడు నణచినట్లు దీని నణచు పురుగు మన దేశమున లేదు.

మీ యూరి పొలిమేరలో నెక్కడనైన పాత నాగజెముడు పొద మిగిలియున్నచో, ఒకమారు దగ్గరకు పోయి చూడుడు. దళములమీద సున్నపుచుక్కలవలె తెల్లని దూది కనబడవచ్చును. పుల్లతో నొక్కినచో రక్తమువంటి యెరుపు చిందును. 1926లో సింహళమునుండి వచ్చినదాని సంతతి యదియే.