స్పాక్స్ బ్రెయిన్

స్పాక్స్ బ్రెయిన్ (అనగా "స్పాక్ మెదడు") అమెరికాకు చెందిన వైజ్ఞానిక కల్పనా టెలివిజన్ ధారావాహిక స్టార్ ట్రెక్ యొక్క మూడవ సీజన్‌లో మొదటి భాగము. ఎన్‌బీసీ సంస్థ దీనిని 1968 సెప్టెంబరు 20న ప్రసారము చేసినది. దర్శకుడు మార్క్ డేనియల్స్. రచయితగా తెరపై కనిపించే లీ క్రోనిన్ అన్న పేరు జీన్ ఎల్. కూన్ యొక్క కలంపేరు. మొత్తము 79 భాగములు గల ఈ ధారావాహికలో అత్యంత నాసిరకమైన భాగము ఏది అన్న చర్చ వచ్చినప్పుడల్లా ముందుగా వినబడే పేరు ఇదే.

నేపథ్యము

రెండవ సీజన్‌తో ధారావాహిక నిలిచిపోవచ్చునన్న వార్త వ్యాపించగా, జాన్ ట్రింబుల్, బ్జో ట్రింబుల్ దంపతులు ముందుండి అభిమానులచేత ఎన్‌బీసీకి వేలాది ఉత్తరములు వ్రాయించినారు. ధారావాహిక కొనసాగునని 1968 మార్చి 1న సంస్థ ప్రసార సమయములోనే ప్రకటించవలసి వచ్చినది. అయితే దానికి కేటాయించినది శుక్రవారము రాత్రి 10 గంటల వేళ. యువ ప్రేక్షకులు టెలివిజన్ ముందు కూర్చొను సమయము కాదది. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ రోజువారీ బాధ్యతల నుండి తప్పుకొనగా, ఫ్రెడ్ ఫ్రైబర్గర్ నిర్మాతగా వచ్చినారు. నిర్మాణ వ్యయమును కూడ తగ్గించినారు. ప్రేక్షకులు పోరాడి తెచ్చుకొన్న సీజన్ ఈ భాగముతో ప్రారంభమగుట వారిని మరింత నొప్పించినది.

కథ

ఎంటర్‌ప్రైజ్ నౌకలో కారా (మార్జ్ డుసే) అను అపరిచిత స్త్రీ ప్రత్యక్షమై, చేతి కడియముపై మీట నొక్కగానే అందరూ స్పృహ తప్పుతారు. తెలివి వచ్చి చూసేసరికి స్పాక్ (లియొనార్డ్ నిమోయ్) తలలో మెదడు ఉండదు. గాయము కూడ కనబడదు. ఇరవై నాలుగు గంటలలో మెదడు తిరిగి రాకపోతే శరీరము నిలువదని వైద్యుడు మెకాయ్ (డిఫారెస్ట్ కెల్లీ) చెబుతాడు. కెప్టెన్ కిర్క్ (విలియం షాట్నర్) బృందము సిగ్మా డ్రకోనిస్ నక్షత్రము చుట్టూ తిరిగే ఆరవ గ్రహమునకు చేరుతుంది. మెదడు లేని స్పాక్ దేహమును చేతిలోని చిన్న యంత్రపు మీటలతో నడిపించి వెంట తీసుకొని పోతారు. ప్రేక్షకులు నేటికీ నవ్వుకొనేది ఈ దృశ్యములకే.

మంచుతో నిండిన ఆ గ్రహముపై మోర్గ్‌లనబడే పురుషులు ఆటవికులుగా బ్రతుకుతుండగా, భూగర్భ నగరములో ఐమోర్గ్‌లనబడే స్త్రీలు సకల సౌఖ్యములతో పసిపిల్లల బుద్ధితో జీవిస్తుంటారు. నగరమునకు గాలి, వేడిమి, నీరు అందించు యంత్రాంగమును నడపుటకు ఒక మెదడు కావలెను. అందుకే స్పాక్ మెదడును అపహరించినారు. కారా ఆ శస్త్రచికిత్స చేయగలుగుట "ఉపాధ్యాయుడు" అను శిరస్త్రాణము వలన. దానిని ధరించిన కొద్ది గంటలపాటు పూర్వీకుల జ్ఞానమంతయు తలకెక్కి, ఆపై మాయమగును. చివరకు మెకాయ్ దానిని ధరించి మెదడును తిరిగి అమర్చుటకు పూనుకొంటాడు. పని సగములో ఉండగా జ్ఞానము జారిపోతుంది. అప్పటికే మాట్లాడు శక్తి వచ్చిన స్పాక్ స్వయముగా సూచనలిచ్చి తన శస్త్రచికిత్సను పూర్తి చేయిస్తాడు.

శాస్త్రీయత

సాధారణ ఉష్ణోగ్రతలో ప్రాణవాయువు అందకపోతే మానవ మెదడు కొద్ది నిమిషములలోనే దెబ్బతినును. వెన్నుపాముతో పాటు పన్నెండు జతల కపాల నాడులను తిరిగి అతుకుట నేటి వైద్యమునకు కూడ సాధ్యము కాదు. స్పాక్ వల్కన్ జాతివాడు, అతని శరీరధర్మము వేరు అని సరిపెట్టుకొనవచ్చును గాని, కథ ఆ మాత్రపు శ్రమ కూడ తీసుకొనలేదు. 1967 డిసెంబరులో క్రిస్టియాన్ బెర్నార్డ్ కేప్ టౌన్‌లో మొదటి మానవ గుండె మార్పిడి చేసినందున, అవయవ మార్పిడి ఆనాడు ప్రజల నోట నానుతున్న విషయమే. కారా నౌక అయాన్ చోదకముతో నడచుట చూసి ఇంజనీరు స్కాట్ అబ్బురపడతాడు. నిజమునకు నాసా 1964లోనే అయాన్ ఇంజనును అంతరిక్షములో పరీక్షించినది. అది పొదుపైనదే గాని దాని తోపుడు బలము అత్యల్పము.

విమర్శ

అసంభవమైన కథాంశము ఒక్కటే లోపమనుట న్యాయము కాదు. ధారావాహికలోని ఉత్తమ భాగములలో కొన్ని ఇంతకంటె విచిత్రమైనవి. క్లింగాన్‌లను సృష్టించినవారు, తన గుడ్లను కాపాడుకొను రాతి జీవి కథయైన ది డెవిల్ ఇన్ ద డార్క్ (1967) వ్రాసినవారు ఈ కూనే. అందులో వింత జీవి తల్లిగా మారి కంటతడి పెట్టించును. ఇందులో అటువంటి మలుపు లేదు. నేర్చుకొనకుండ లభించిన జ్ఞానము నిలువదు అన్నది ఆలోచింపదగిన ఊహ. పరాయి మెదడుపై ఆధారపడి, మీట నొక్కుట తప్ప ఏమియు ఎరుగని సమాజము కూడ అట్టిదే. ఆ మెదడు లేకుండ భూగర్భవాసులు ఎట్లు బ్రతుకుదురన్న ధర్మసంకటమును, స్త్రీలు పైకి వచ్చి పురుషులతో కలసి జీవించవలెనన్న రెండు మాటలతో దాటవేసినారు. స్త్రీలందరినీ బుద్ధిహీనులుగా చూపుటపై కూడ తీవ్ర విమర్శలు వచ్చినవి.

చిత్రీకరణ సాగినంత కాలము తాను సిగ్గుపడినట్లు నిమోయ్ తన ఐ యామ్ స్పాక్ (1995) గ్రంథములో వ్రాసినారు. అయినను, మెదడు లేని దేహముగా నిర్వికారముగా నడచిన ఆయన నటనలో లోపము వెదకుట కష్టము.

ధారావాహిక 1969 జూన్ 3న ముగిసినది. అధమ స్థానమునకు ఈ భాగముతో తరచు పోటీపడునది స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్‌లోని షేడ్స్ ఆఫ్ గ్రే (1989). అది చాలవరకు పాత దృశ్యములను అతికి తయారు చేసినది.