ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడింది?

రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన ఆకలి యూరప్‌ను చాలాకాలం వెంటాడింది. అందుకే యూరోపియన్ ఆర్థిక సమాజాన్ని ఏర్పరచిన 1957 నాటి రోమ్ ఒప్పందంలోనే ఉమ్మడి వ్యవసాయ విధానానికి చోటిచ్చారు. 1962లో అది అమల్లోకి వచ్చింది. ఎంత పండించినా ధర పడిపోనివ్వమని రైతుకు హామీ ఇచ్చారు. తిండికి కొదవ తీరింది కానీ, కొన్నాళ్లకు గిడ్డంగుల్లో వెన్న, పాలపొడి గుట్టలుగా పేరుకుపోయాయి.

1992లో ఐర్లండ్‌కు చెందిన యూరోపియన్ వ్యవసాయ కమిషనర్ రే మెక్‌షారీ ఈ పద్ధతి మార్చారు. హామీ ధరలు తగ్గించి, ఆ నష్టానికి బదులుగా హెక్టారుకు ఇంతని నేరుగా చెల్లించడం మొదలైంది. ధరలో కలిసిపోయిన సాయం ఎవరికెంత చేరిందో చెప్పడం కష్టం. నేరుగా ఇచ్చే సొమ్ముకైతే పేరుంటుంది, ఖాతా ఉంటుంది, మొత్తం ఉంటుంది. భూమి ఎక్కువున్నవారికే డబ్బూ ఎక్కువని అందుకున్నవారి జాబితా చూస్తే తేలిపోతుంది. చాలా ప్రభుత్వాలు దాన్ని బయటపెట్టలేదు.

డెన్మార్క్ పాత్రికేయుడు నిల్స్ ముల్వాద్ సమాచార చట్టం ఆధారంగా పోరాడి 2004లో తమ దేశపు వివరాలు రాబట్టారు. బ్రిటన్‌లో సమాచార హక్కు చట్టం 2005 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే అక్కడి జాబితా వెలుగుచూసింది. అందులో ఎలిజబెత్ రాణి ఉన్నారు, అప్పటి యువరాజు చార్లెస్ ఉన్నారు, దేశంలోని అత్యంత సంపన్నుల్లో ఒకరైన వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ ఉన్నారు. భారీ మొత్తాలు అందుకున్నవారిలో టేట్ అండ్ లైల్ అనే చక్కెర కంపెనీ ఉంది. అప్పట్లో యూరప్‌లో చక్కెర ధర ప్రపంచ ధరకన్నా చాలా ఎక్కువగా ఉండేది. విదేశాలకు అమ్మితే వచ్చే ఆ తేడాను ఖజానా భర్తీ చేసేది. రైతు పేరు మీద కేటాయించిన డబ్బు ఎగుమతిదారుకు అలా చేరింది.

అదే ఏడాది ముల్వాద్, జాక్ థర్స్టన్, బ్రిగిటే ఆల్ఫ్టర్ కలిసి దేశదేశాల జాబితాలను ఒక్కచోట చేర్చే పని మొదలుపెట్టారు. చివరికి యూరోపియన్ యూనియనే దిగొచ్చి, 2009 ఏప్రిల్ 30లోగా సభ్యదేశాలన్నీ పేర్లు ప్రకటించాలంది. జర్మనీలోని హెస్సే రాష్ట్ర రైతులు కోర్టుకెక్కారు. సాయం ఎంత, ఎన్నాళ్లు అని చూడకుండా వ్యక్తులందరి పేర్లూ బయటపెట్టడం గోప్యతకు భంగమని 2010 నవంబరు 9న లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. కంపెనీల పేర్లకు మాత్రం అడ్డు చెప్పలేదు.

చిన్న రైతు రాబడిని నలుగురిలో పెట్టకూడదన్న మాటలో న్యాయముంది. 2013లో పేర్ల ప్రకటనను పునరుద్ధరించినప్పుడు ఆ మేరకు చిన్న మొత్తాలవారి పేర్లు మినహాయించారు. కానీ రెండేళ్లకే జాబితా తొలగించవచ్చన్న నిబంధన సరికాదు. ఏళ్లతరబడి ఎవరు ఎంత పొందారో కలిపి చూస్తేనే కదా అసలు లెక్క తేలేది!

మనకూ ఇది పరాయి సంగతి కాదు. తెలంగాణలో 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరాకు, పంటకు 4,000 రూపాయలిచ్చింది. భూపరిమితి పెట్టలేదు కాబట్టి ఎక్కువ ఎకరాలున్నవారికే ఎక్కువ దక్కింది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు. ఆదాయపు పన్ను కట్టేవారు దానికి అనర్హులు. ఆ పథకం వెబ్‌సైట్‌లో ఊరివారీగా లబ్ధిదారుల పేర్లు పెట్టారు. మీ ఊరి జాబితా తెరిచి చూడండి. అర్హులు లేకపోయినా, అనర్హులున్నా గ్రామసభలో అడగండి.