బాకా పట్టిన బాలుడు

ఊరిలో ఒక పిల్లవాడు చెడుత్రోవ త్రొక్కుచున్నాడని తెలిసినప్పుడు పెద్దలకు సాధారణముగా రెండే ఉపాయములు తోచును. ఒకటి మందలింపు, రెండవది దండనము. ఈ రెండింటికిని లొంగని బాలుని చేతికి ఒక వాద్యము నిచ్చి చూచిన ఉపాధ్యాయు డొకడు అమెరికా దేశమున నుండెను. ఆతని పేరు పీటర్ డేవిస్. ఆ బాలుని పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. బిడ్డలను పెంచువారందరును వినదగిన చరిత్ర వారిది.

అమెరికా దక్షిణభాగమున, మిసిసిపీ నదీతీరమున న్యూ ఆర్లియన్స్ అను నగరము కలదు. లూయీ 1901వ సంవత్సరము ఆగష్టు 4వ తేదీన అచ్చటి నల్లజాతివారి పేటలో, కడు బీదకుటుంబమున జన్మించెను. ఆ దేశమున బానిసత్వము 1865లోనే తొలగింపబడినను, నల్లవారికి వేరు బడులు, వేరు పేటలు నుండిన కాలమది. బిడ్డ పసితనముననే తండ్రి ఇల్లు విడిచిపోయెను. తల్లి కూలి చేసికొని బ్రతుకుచుండెను. వారు నివసించిన వీధి జూదగాండ్రకును, త్రాగుబోతులకును, కత్తిపోటులకును పేరుపడినది. లూయీ బొగ్గుబండి వెంట తిరిగి బొగ్గు లమ్మెను. తోడి బాలురతో గూడి వీధిమూలల పాటలు పాడి చిల్లర సంపాదించెను. పదునొకండేండ్ల ప్రాయమున బడి మానెను. వానికి బుద్ధి లేకపోలేదు. ఆ బుద్ధిని కనిపెట్టి పట్టుకొనువాడు మాత్రము లేడు.

నూతన సంవత్సరమునాటి రాత్రి తుపాకులు కాల్చుట ఆ నగరమున వేడుక. 1912 డిసెంబరు 31వ తేదీ రాత్రి లూయీ ఇంటిలోని రివాల్వరును చాటుగా తీసికొని వీధిలోనికి పోయి కాల్చెను. రక్షకభటుడు వెంటనే పట్టుకొనెను. మరునాడే న్యాయాధికారి వానిని నల్లజాతి అనాథబాలుర గృహమునకు బంపెను. గడువు చెప్పలేదు.

అంతకుముందు నల్లజాతి బాలురు తప్పు చేసినచో పెద్ద నేరస్థులతోబాటు చెరసాలలోనే పడియుండువారు. పిల్లవాని నేరమును పెద్దవాని నేరమువలె చూడరాదను భావము అప్పటికి క్రొత్తది. బాలుర కొరకు ప్రత్యేక న్యాయస్థానము అమెరికాలో మొట్టమొదట షికాగో నగరమున 1899లో ఏర్పడినది. న్యూ ఆర్లియన్స్‌లో జోసెఫ్ జోన్స్ అను నల్లజాతి మాజీ సైనికుడు, తన భార్యతో గూడి, ఈ బాలుర గృహమును నడుపుచుండెను. అచ్చట చదువును, తోటపనియు, కొయ్య తుపాకులతో కవాతును, వీనితోబాటు ఒక బ్యాండు మేళమును నుండెను. ఆ మేళమునకు గురువు డేవిస్.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. డేవిస్ మొదట ఈ బాలుని దగ్గరకు రానీయలేదు. ఆ వీధినుండి వచ్చినవాడు మంచివాడు కానేరడని ఆతని నిశ్చయము. చిన్న తప్పునకు పెద్ద దండనము విధించెడివాడు. లూయీ మేళము వాయించు తావునకు పోయి దూరముగా నిలిచి వినుచుండెను గాని, అడుగుటకు ధైర్యము చాలలేదు. కొంతకాలమునకు, ఆ బాలుని నడవడి చూచిన పిదప, డేవిస్ మనసు మారినది. ఒకనాడు భోజనసమయమున దగ్గరకు వచ్చి, మేళములో చేరెదవా యని తానే యడిగెను.

కోరిన బాకాను వెంటనే యీయలేదు. మొదట మన కంజిరవంటి చిన్న వాద్యము, పిమ్మట డోలు, పిమ్మట ఆల్టో అను ఒక తరగతి బాకా. ఆ తరువాత గృహములోని బాలురను నిద్ర లేపుటకును భోజనమునకు పిలుచుటకును ఊదెడి బ్యూగిలును వాని కప్పగించిరి. అది చిలుముపట్టి పచ్చబడియుండెను. లూయీ దానిని తళతళలాడునట్లు తోమి, వేళ తప్పక ఊదుచుండెను. కట్టకడపట కార్నెట్ అను ఇత్తడి బాకా చేతికి వచ్చినది. ఆపైన మేళమునకు నాయకత్వమును వచ్చినది. ఒక్కొక్క మెట్టున ఒక్కొక్క బాధ్యత; ఒక్కొక్క బాధ్యతతో మరికొంత నమ్మకము.

ఒకనాడు ఆ మేళము ఊరేగింపుగా లూయీ పుట్టిపెరిగిన పేటకే పోయెను. నాయకుడై ముందు నడచుచున్న బాలుని చూచి ఆ వీధి యంతయు నివ్వెరపోయినది. నిద్రించుచున్న తల్లిని ఎవరో లేపి తీసికొనివచ్చిరి. జూదగాండ్రు సైతము చేతికి వచ్చినంత నాణెములు కురిపించిరి. ఆ సొమ్ముతో మేళమునకు క్రొత్త దుస్తులును, క్రొత్త వాద్యములును కొనగలిగిరి. ఎవరిని చూచి బాలుడు చెడుననుకొంటిమో, వారే వాని బాగు చూచి సంతోషించిరి.

1914 జూన్ నెలలో లూయీని విడిచిపెట్టిరి. వెంటనే భాగ్యము కలసిరాలేదు. మరల బొగ్గు మోయవలసివచ్చినది. కాని పగలు బొగ్గు మోసిన చేయి రాత్రి బాకా పట్టినది. 1922లో షికాగోకు పోయెను. 1925 మొదలు ఆతడిచ్చిన గ్రామఫోను రికార్డులు జాజ్ సంగీతపు నడకనే మార్చినవి. ఆతడు 1931లో న్యూ ఆర్లియన్స్‌కు వచ్చినప్పుడు తన్ను పెంచిన ఆ గృహమును చూడబోయెను. 1971లో మరణించునాటికి ఆతని పేరు లోకమంతట తెలిసియుండెను.

ఈ కథ విని, వాద్యము చేతికిచ్చినచో ప్రతి బాలుడును బాగుపడునని తలంపరాదు. లూయీ 1910లోనే ఒకమారు పట్టుబడి ఆ గృహమునకే పంపబడినట్లు ఆనాటి పత్రికవలన తెలియుచున్నది. అనగా గృహమున్నంతమాత్రమున మార్పు రాలేదు. రెండవమారు వానికి అచ్చట పని దొరకినది. పనితో గురువు దొరకెను. గురువుతో, నలుగురిలో తల యెత్తుకొని నడచు గౌరవము దొరకినది. అంతకన్న ముఖ్యమైనది, బాలుడు మారుటకు ముందు గురువు తన నిశ్చయమును మార్చుకొనుట. డేవిస్ తన మొదటి తలంపుననే నిలిచియున్నచో, ఆ బాకా ఏ మూలనో చిలుముపట్టి యుండెడిది. ఆ బాలుడును అట్లే.

మన గ్రామములలో కోలాటము కలదు, చెక్కభజన కలదు, సాముగరిడీ కలదు, చెడుగుడు కలదు. వీనిలో బుద్ధిమంతుడని పేరు పొందిన బాలుని చేర్చుకొనుట సులభము. రచ్చబండ ప్రక్కన దూరముగా నిలిచి, అడుగుటకు వెనుదీయుచు చూచుచున్న బాలుడు వేరొక డుండును. వానిని పిలువవలసినవారు పెద్దలే.