మేకపాల చీజు, మాల్టా జ్వరం

ఎచ్చెర్ల చుట్టుపక్కల పల్లెలలో మేకలకు కొదవ లేదు. అయితే వాటిని పెంచేది ముఖ్యంగా మాంసం కోసమే. మేకపిల్లలు తాగగా మిగిలిన పాలు దగ్గుతో బాధపడే ఇంటి పెద్దలకు దక్కుతాయి. ఆ పాలతో మెత్తని చీజు చేసుకోవచ్చునా అంటే, నిస్సందేహంగా చేసుకోవచ్చును. కాని విదేశీ వంటల పద్ధతులలో అక్కడక్కడా ‘పచ్చిపాలు’ అన్న మాట కనిపిస్తుంది. అక్కడ మనం ఆగవలసి ఉన్నది.

నిఘంటువులు చీజుకు జున్ను అని అర్థం చెబుతాయి గాని, మనకు జున్ను అంటే ఈనిన పశువు తొలిపాలతో చేసేది. పాలు విరిగితే అశుభమని తలచే ఇళ్లలో కోరి విరగగొట్టడం కొంత ఎబ్బెట్టుగానే ఉంటుంది. అయినా ఈ పని మనకు పరాయిది కాదు. వైదిక యజ్ఞాలలో కాగిన పాలలో పెరుగు కలిపి విరిచిన ‘ఆమిక్ష’ను విశ్వేదేవతలకు సమర్పించేవారు, విడివడిన తేటను ‘వాజినం’ అనేవారు. చరకసంహిత మేకపాలను తేలికైనవిగా, చలువచేసేవిగా వర్ణించి, అతిసారం, క్షయ, దగ్గు, జ్వరాలలో హితమని చెప్పింది. ఈ ప్రశస్తితో పాటు, పొదుగు నుంచి పిండిన గుమ్మపాలను వెంటనే తాగితేనే బలమన్న నమ్మకమూ జనంలో పాతుకుపోయింది. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమో మధ్యధరా సముద్రంలోని చిన్న ద్వీపం మాల్టా చెబుతుంది.

అది ఆనాడు బ్రిటిష్ నౌకాదళ స్థావరం. అక్కడి సైనికులను ఒక వింత జ్వరం పట్టేది. తగ్గినట్లే తగ్గి మళ్లీ వచ్చేది. చెమటలు, నడుమునొప్పి, కీళ్లనొప్పులు నెలల తరబడి వేధించేవి. సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1887లో దాని సూక్ష్మజీవిని వేరుచేశాడు. అది మనిషికి ఎలా చేరుతున్నదో మాత్రం మరి పద్దెనిమిదేళ్లు అంతుపట్టలేదు. గాలినీ, దోమలనూ, మురుగునూ అనుమానించారు. 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లీస్ జమ్మిట్ మేకల రక్తాన్ని పరీక్షించి గుట్టు బయటపెట్టాడు. దాదాపు సగం మేకలలో ఆ వ్యాధి జాడ ఉన్నది. పదింట ఒకటి పాలలోనే క్రిమిని విసర్జిస్తున్నది. చూపుకు అవన్నీ నిక్షేపంగా ఉన్నవే! వాటినే వీధులవెంట తోలుకొచ్చి, గుమ్మం ముందు పాలు పితికి అమ్మేవారు. కళ్లెదుట పితికిన పాలు కనుక కల్తీ లేదని జనం సంతోషించేవారు.

1906లో సైనికులకు మేకపాలు నిషేధించగానే వారిలో జ్వరం చప్పున తగ్గిపోయింది. పౌరులు మాత్రం పచ్చిపాలు మానలేదు. వారిని ఈ జ్వరం మరికొన్ని దశాబ్దాలు వదలలేదు. పచ్చిపాలతో చేసే అక్కడి ‘జ్బెయ్నా’ అనే మెత్తని చీజు వల్ల 1995లో కూడా ఈ వ్యాధి ప్రబలింది. బ్రూస్ పేరిట దీనిని నేడు బ్రూసెల్లోసిస్ అంటున్నాము.

మన దేశంలో 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా ఆవు, గేదె పెయ్యదూడలకే పరిమితం, మేకలకు లేదు. కనుక పొయ్యి మీదనే మన రక్షణ.

నిమ్మరసం పాలను విరుస్తుందే గాని ఆ క్రిమిని చంపుతుందన్న భరోసా లేదు. ఫ్రిజ్‌లోనూ, ఉప్పులోనూ అది చాలాకాలం బతకగలదు. వేడికి మాత్రం లొంగిపోతుంది: 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. ఇంట్లో ఉష్ణమాపకంతో పని లేదు. పాలు పొంగివచ్చేదాకా కాచితే సరి. దించి రెండు నిమిషాలు ఆగి, లీటరుకు రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కొద్దికొద్దిగా పోసి మెల్లగా కలపాలి. తేట విడివడ్డాక శుభ్రమైన పలుచని గుడ్డలో వడగట్టి, రెండు గంటలు వేలాడదీయాలి. మేకపాల విరుగుడు సహజంగా సున్నితం. గట్టిగా పిండితే ఆ మెత్తదనం పోతుంది. ఉప్పు కలిపి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు రోజులలో తినివేయాలి.

మేకలు పెంచేవారికి మరో మాట. ఈసుకుపోయిన పిండాన్ని, మావిని ఒట్టి చేతులతో ముట్టరాదు. క్రిమి అక్కడా ఉంటుంది. రెండు మూడు వారాలు విడవని జ్వరం, రాత్రి చెమటలు ఉంటే, పచ్చిపాలు తాగిన సంగతీ, మేకలతో పనిచేస్తున్న సంగతీ వైద్యునికి తప్పక చెప్పండి. టైఫాయిడ్ అనో, క్షయ అనో పొరబడే వీలున్న జ్వరమిది. రక్తపరీక్షతో తేలాక కనీసం ఆరు వారాలు రెండు మందులు కలిపి వాడవలసి ఉంటుంది.