చీరాల: ఒక నేత పట్టణం చరిత్ర

చీరాల బాపట్ల జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న పట్టణం. పేరాల, జాండ్రపేట, వేటపాలెంతో కలిపి చూస్తే కోస్తా ఆంధ్రలో చేనేతకు ఇది పెద్ద కేంద్రం. పూర్వం గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది, 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లిపర వైపు వాళ్ళు తెనాలిలో రైలెక్కితే నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల, స్టూవర్టుపురం దాటాక చీరాలలో దిగుతారు. అరటి, పసుపు పండే కృష్ణ ఒడ్డు నల్లనేల వెనకబడి, బాపట్ల దాటేసరికి ఇసుక నేలలు, సరుగుడు తోటలు మొదలవుతాయి. వరి మాగాణి మీద బతికే ఊళ్ళ పక్కనే మగ్గం మీద బతికే ఊరు ఎందుకు పుట్టిందో కిటికీలోంచి చూస్తేనే సగం అర్థమవుతుంది.

ఊరి పేరు చీరల నుంచి వచ్చిందని జనం చెప్పుకుంటారు. క్షీరపురి అన్న పేరే చీరాలగా మారిందని ఇంకో కథ. ఏది నిజమైనా, బట్టల వ్యాపారం వల్ల వచ్చిన ‘చిన్న బొంబాయి’ అన్న పిలుపు మాత్రం ఈ ఊరు కష్టపడి సంపాదించుకున్నదే.

ఇంట్లో గుంట

ఈ ఊరి చరిత్ర అర్థం కావాలంటే ముందు గుంట మగ్గాన్ని చూడాలి. నేతగాడి ఇంట్లో ముందు గదిలోనో వసారాలోనో నేలలో ఒక గుంట తవ్వి ఉంటుంది. నేత నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడేసి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. ఒక చెయ్యి తాడు లాగితే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతుంది. రెండో చెయ్యి పలకతో పేకను దగ్గరికి కొడుతుంది. కాళ్ళూ చేతులూ ఒకే తాళంలో కదలాలి. పడుగు నేలకు ఇంచుమించు ఆనుకుని ఉంటుంది కాబట్టి మట్టిలోని చెమ్మ నూలుకు తగిలి పోగు త్వరగా తెగదు. సముద్రపు గాలిలోని తేమ కూడా అందుకు కలిసి వస్తుంది.

ఆ చెమ్మే వానాకాలంలో శత్రువవుతుంది. గట్టి ముసురు పడితే గుంటలో నీరు ఊరుతుంది. గిన్నెలతో తోడిపోసినా తడి ఆరదు, ఆరేదాకా మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగిందంటే మజూరీ ఆగినట్టే.

నేత ఒక్క మనిషి పని కాదు. పిల్లలు, ముసలివాళ్ళు చిలపల నుంచి నూలు తీసి కండెలు చుడతారు. ఆడవాళ్ళు ఆసు పోస్తారు, తెగిన పోగులు అతుకుతారు, తీరిక దొరికితే మగ్గం మీదా కూర్చుంటారు. తెల్లవారుజామున వీధిలో పడుగు బారుగా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేటప్పుడు ఇరుగుపొరుగు వచ్చి చెయ్యి వెయ్యాల్సిందే. ఎండెక్కితే గంజి బిగిసి పోగులు అంటుకుపోతాయి, అందుకే ఆ తొందర. ఇల్లే కార్ఖానా, వీధి కూడా కార్ఖానాలో భాగమే. 1921లో చీరాల జనం ఊరు వదిలి ఎందుకు కదిలారో చెప్పాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

రేవులు, ఎర్రరంగు

చీరాలకు దక్షిణాన మోటుపల్లి రేవు ఉండేది. విదేశీ వర్తకులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం అక్కడే ఉంది. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అన్న పేరుతో వర్ణిస్తూ, ఇక్కడి సన్నబట్టను సాలెగూటితో పోల్చాడు. చీరాలకు ఉత్తరాన, రేపల్లె దిగువన ఉన్న నిజాంపట్నానిదీ పాత కథే. ఐరోపా వాళ్ళు దాన్ని పెటపోలి అనేవారు. డచ్చివాళ్ళు 1606లో అక్కడ వర్తకం మొదలుపెట్టారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ‘గ్లోబ్’ లంగరు వేసింది. వాళ్ళు వచ్చింది బట్టల కోసం. ఆ బట్టల్లోని ఎరుపు కోసం అన్నా తప్పులేదు.

ఆ ఎరుపు చిరివేరుది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. పెటపోలి ప్రాంతపు చిరివేరుకు ఆనాటి వర్తకుల్లో ప్రత్యేకమైన పేరుండేది. వేరులో రంగు ఉన్నంత మాత్రాన నూలుకు పట్టదు. పత్తి నూలు మొండిది, ఎర్రరంగును అంత తేలిగ్గా తీసుకోదు. దాన్ని లొంగదీయడానికి కోస్తా నేతగాళ్ళు కనిపెట్టిన ఉపాయమే తేలియా రుమాలుకు మూలం.

తేలియా అంటే నూనెది అని అర్థం. ఆముదం కాయల తొక్కలు కాల్చిన బూడిదను నీళ్ళలో కలిపి తేట తీస్తారు. ఆ తేటలో నూనె, గొర్రె పెంట కలిపి నూలును అందులో పిసుకుతారు, ఎండబెడతారు, మళ్ళీ పిసుకుతారు. రెండు వారాలకు పైగా రోజూ ఇదే పని. ఆ తర్వాత పటిక, ఆ తర్వాత రంగు. ఎర్రగా ఉండాల్సిన చోట, నల్లగా ఉండాల్సిన చోట, తెల్లగా మిగలాల్సిన చోట పోగులను లెక్కగా కట్టి అద్దుతారు. దీన్నే చిటికి పని అంటారు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులే. గళ్ళలో నక్షత్రాలు, గీతలు, ఏనుగులు, కాలం మారాక గడియారాలు, విమానాలు కూడా వచ్చాయి. గుడ్డకు నూనె వాసన ఎన్ని ఉతుకులకూ పోదు. ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుంది, దుమ్ము పట్టనివ్వదు. అందుకే ఇక్కడి పల్లెకారులకు, పశువుల కాపరులకు అది లుంగీ, తలపాగా, పైగుడ్డ అన్నీ అయింది. అరబ్బు దేశాలకు ఎగుమతయ్యేదాన్ని ఆసియా రుమాలు అనేవారు. ఇదే ప్రాంతంలో నేసిన గళ్ళ బట్ట ‘మద్రాసు రుమాలు’ పేరుతో పశ్చిమాఫ్రికాకు వెళ్ళింది. నైజీరియాలో కలబరి జాతివాళ్ళు దాన్ని ఇంజిరి అంటారు. పుట్టుక నుంచి చావు దాకా ప్రతి వేడుకలోనూ దానికి చోటుంది.

ఇక్కడ స్కాట్లండ్ ప్రస్తావన రావాలి. సరిగ్గా ఇలాంటి నూనె, పెంట, బూడిద, పటిక పద్ధతి ఆసియా దేశాల నుంచి పడమటికి పాకి, ‘టర్కీ ఎరుపు’ పేరుతో 1785లో గ్లాస్గో చేరింది. అక్కడ అద్దకం కార్ఖానా పెట్టినవాళ్ళలో ఒకడైన డేవిడ్ డేల్, కొద్ది నెలల తేడాలోనే న్యూ లానార్క్ నూలు మిల్లుల ఊరికీ పునాది వేశాడు. 1802 నుంచి గ్లాస్గోలోనే హెన్రీ మాంటీత్ భారతీయ చేతిరుమాళ్ళను పోలిన ఎర్ర రుమాళ్ళను గుట్టలుగా తయారుచేయించాడు. మన నేతగాడు పదహారు రోజులు నూలు పిసికి తెచ్చిన ఎరుపును పోలిన ఎరుపు, యంత్రం మీద తయారై, ఓడలెక్కి మన బజార్లకే వచ్చింది. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్మన్ చిరివేరులో, మంజిష్ఠలో ఉండే తరహా ఎర్రరంగును ప్రయోగశాలలో చేసే దారి కనిపెట్టారు. అదే అలిజరిన్. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే చిరివేరు తవ్వేవాళ్ళకు పని లేకుండా పోయింది. ఒక మొక్కతో పాటు దాన్ని గుర్తుపట్టే చూపు కూడా ఈ తీరంలో పోయింది. ఆ నష్టాన్ని ఏ లెక్కల పుస్తకమూ పట్టించుకోలేదు. తేలియా నేతగాళ్ళు అలిజరిన్‌నే తెచ్చుకుని నూనె పద్ధతిని మాత్రం వదల్లేదు. 1899లో బెజవాడ–మద్రాసు రైలు దారి పూర్తయ్యాక సరుకు రాకపోకలు సులువై చీరాల బజారు ఇంకా పెరిగింది.

ఊరు ఖాళీ చేసిన పదకొండు నెలలు

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల తదితర గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చింది. అప్పటిదాకా ఏటా సుమారు రూ.4,000 ఉన్న పన్ను ఒక్కసారిగా అనేక రెట్లయింది. పన్ను ఇంటి మీద పడేది. వ్యాపారికి ఇల్లు వేరు, కొట్టు వేరు. నేతగాడికి రెండూ ఒకటే, ఆ గుంట ఉన్న గదే. ఇంటి పన్నంటే అతనికి మగ్గం పన్నే. ఈ ఉద్యమాన్ని గురించి రాసినవాళ్ళలో చాలామంది దీన్ని స్వరాజ్య పోరాటంలో ఒక ఘట్టంగా చూశారు, అది నిజమే. కానీ మొదట మండింది మాత్రం మగ్గం గదిలోనే అని మరవకూడదు.

జనం పన్ను కట్టలేదు. అరెస్టులు జరిగాయి, జైలుకు వెళ్ళినవాళ్ళలో రావూరి అలివేలమ్మ అనే ఆమె కూడా ఉంది. అప్పుడు నాయకుడిగా నిలిచినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టిన ఆయన స్కాట్లండ్ వెళ్ళి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, అది 1917లో అచ్చయింది. అంత చదువుకున్న మనిషి తిరిగొచ్చి, రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని కూడగట్టి, నేతగాళ్ళ వీధుల్లో తిరిగారు.

బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశం ముగిశాక 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. పన్ను నిరాకరణ కాక ఇంకో దారి ఉందని చెప్పారు: ఊరు వదిలి వెళ్ళిపోవడం. ఊరే లేకపోతే పురపాలక సంఘం ఎవరిని పాలిస్తుంది? దాదాపు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఇళ్ళు వదిలి ఊరి పొలిమేర బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఇంట్లో గుంట తవ్వి స్థిరపడ్డ మగ్గం బండిమీద వేసుకుని వెళ్ళే సామాను కాదు. కర్రలు విప్పి మోసుకెళ్ళొచ్చు, గుంట అక్కడే ఉండిపోతుంది. నేతగాడు ఊరు వదలడమంటే ఎంత పెద్ద మాటో అప్పుడు తెలుస్తుంది. ఎండాకాలం ఆ పాకల్లోనే గడిచింది, వానాకాలం గడిచింది, చలికాలమూ గడిచింది. మొత్తం పదకొండు నెలలు.

మధ్యలో గోపాలకృష్ణయ్య బరంపురంలో అరెస్టయ్యారు. ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్ళారు. నాయకుడు లేక, డబ్బు అయిపోయి, 1922లో జనం మెల్లగా ఇళ్ళకు చేరారు. ఆయన 1928 జూన్‌లో ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో క్షయతో కన్నుమూశారు. ఓడిపోయిన ఉద్యమం అని దీన్ని కొట్టిపారేయడం సబబు కాదు. ఒక ఊరు మొత్తం కట్టుగా పదకొండు నెలలు గుడిసెల్లో ఉండగలిగిందంటే, తెల్లవారుజామున వీధిలో కలిసి పడుగు చాచే అలవాటుకు అందులో వాటా ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం.

తర్వాతి కాలం

స్వాతంత్ర్యానికి ముందూ తర్వాతా నేతగాళ్ళ తరఫున గట్టిగా నిలబడ్డవాడు ప్రగడ కోటయ్య. 1915లో నిడుబ్రోలులో పుట్టారు. సహకార సంఘాలు, నూలు సరఫరా, మిల్లుల పోటీ నుంచి రక్షణ, వీటి కోసం శాసనసభలోనూ, ఆ తర్వాత రాజ్యసభలోనూ పోరాడారు. 1995లో మరణించారు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థకు ఆయన పేరే పెట్టారు. కొన్ని రకాల బట్టలు మగ్గం మీదే నేయాలని చెప్పే రిజర్వేషన్ చట్టం 1985లో వచ్చింది. అమలు బలహీనంగా ఉండి, మరమగ్గం బట్ట చేనేత పేరుతో బజార్లో తిరుగుతూనే ఉంది.

1991లో నూలు ధర పెరిగి, నేతగాళ్ళకు పని ఇచ్చే సావుకార్లు అది ఆపేసినప్పుడు ఈ ప్రాంతంలో నేతగాళ్ళ ఆకలిచావులు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ప్రపంచానికి రుమాళ్ళు పంపిన ఊళ్ళలో గంజి దొరక్క మనుషులు పోయారు.

తేలియా పని చీరాలలో చాలావరకు సన్నగిల్లింది. అయితే ఆ విద్య నశించలేదు. 1915 ప్రాంతంలో పోచంపల్లి వైపు పాకిన చిటికి పని అక్కడ పెద్ద వృక్షమైంది. నల్లగొండ వైపు పుట్టపాకలో తేలియా రుమాలు నేటికీ నేస్తున్నారు, 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చీరాలకు ఇప్పుడు పేరు తెస్తున్నది కుప్పడం చీర. ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. రెండు రంగుల పేకలూ కలిసేచోట ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకోవాలి. అందుకోసం మూడు నాడెలు వాడతారు. ఒంటి రంగు అంచులోకి ఒక్క పోగు కూడా పాకకూడదు, అదే నేర్పు.

చూడడానికి వెళ్ళేవారికి

ఎం.జి.సి. మార్కెట్‌లో బట్టల కొట్లు వరసగా ఉంటాయి. కానీ ముందు జాండ్రపేట వీధుల్లోకి వెళ్ళడం మంచిది. నాడె చప్పుడు వినిపించే ఇంటి ముందు నిలబడి అడిగితే చాలామంది లోపలికి రమ్మంటారు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికల నిధి అది. గాంధీ చేతికర్రను కూడా అక్కడ భద్రపరిచారు. ఆ కాలపు పత్రికలను అక్కడే తిరగేసి, తర్వాత పేరాల వీధుల్లో నడిస్తే 1921 మరింత దగ్గరవుతుంది.

కొనేముందు అది మగ్గం మీద నేసిందేనా అని తెలుసుకోవడానికి చీరను వెలుతురులో పరచి అంచు పక్కన చూడాలి. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు తగ్గకుండా సాగదీసి పట్టే కర్రకు రెండు కొసలా సూదులుంటాయి. అవి దిగిన చోట అంచు పొడవునా సన్నని చిల్లులు మిగులుతాయి. చేత్తో తడిమితే వేలికి తగులుతాయి కూడా.