మామిడి గుజ్జులో మందు జాడ

రెడ్డిగూడెం మామిడి తోటల్లో పూత వచ్చిందంటే తేనెమంచు పురుగు భయమూ వచ్చినట్టే. వెంటనే పురుగుమందు స్ప్రేయర్లు దిగుతాయి.

ఆ మందు కాయలో ఎంత మిగిలిందో తేల్చే విద్యకు పెద్ద మలుపు 1957లో ఇంగ్లండులో వచ్చింది. జేమ్స్ లవ్‌లాక్ తయారుచేసిన ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్, క్లోరిన్ ఉన్న డీడీటీ, బీహెచ్‌సీ లాంటి మందులను అతి సూక్ష్మ పరిమాణంలోనూ పట్టుకుంది. మన దేశంలో పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. సాగులో డీడీటీని 1989లో నిషేధించారు.

యంత్రం కన్నా ముందు పండును సిద్ధం చేయడమే అసలు పని. చిన్నరసమైనా బంగినపల్లి అయినా టెంక తీసి, తొక్కతో సహా గుజ్జు చేస్తారు. పాత పద్ధతులు ద్రావకాన్నీ సమయాన్నీ బాగా తినేవి. 2003లో అనస్టాసియాడెస్, లెహోటే బృందం ప్రకటించిన క్వెచర్స్ పద్ధతి ఆ భారం దించింది. 10 గ్రాముల గుజ్జులో 10 మిల్లీలీటర్ల ఎసిటోనైట్రైల్, మెగ్నీషియం సల్ఫేట్, ఉప్పు వేసి గట్టిగా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. అవశేషాలు పైన తేలిన ద్రావకంలోకి చేరతాయి. దాన్ని శుద్ధి చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఎక్కిస్తే ఒకే విడతలో వందల మందుల జాడ తెలుస్తుంది.

యూరప్‌లో ప్రత్యేక పరిమితి లేని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రాములే హద్దు. అంత నిశిత పరీక్ష ఎగుమతి పెట్టెకే కాదు, మన బజారులో అమ్మే రసాలకూ అందాలి. అయితే కాయలను కార్బైడ్‌తో మగ్గబెట్టారా అన్నది ఈ పద్ధతి చెప్పదు. దానికి వేరే పరీక్షలు కావాలి.